రెక్క విప్పి చూశాక

అమ్మా,

నీకు కోపం వస్తుందని తెలిసీ రాస్తున్నాను. ఫోన్ చేస్తే మాట మార్చేస్తావు. ఉత్తరం నోరు మూయించలేవు కదా!

మా మ్యూజియంలో విమానాల కథంతా వరసగా పెడుతున్నాం. పక్షిలా రెక్కలాడించబోయి నడుములు విరగ్గొట్టుకున్నవాళ్లు, కదలని రెక్కకు ఇంజను తగిలించినవాళ్లు, మేడ మీద మేడలా రెండేసి రెక్కలు వేసినవాళ్లు, చివరికి గుడ్డ మానేసి రేకు తొడిగినవాళ్లు. కర్రా గుడ్డా జిగురుతో మనిషి ఆకాశంలోకి ఎలా పోయాడో నాకు ఎన్నిసార్లు చూసినా వింతే. ఆ గుడ్డ రెక్క ఎలా ఉండేదో చూపించడానికి గోదాములోంచి ఒక విరిగిన రెక్క తెచ్చి నా బల్ల మీద పెట్టారు. చిరిగిన చోట గుడ్డ విప్పితే లోపలి కర్ర మీద పెన్సిలుతో నీ సంతకం!

అత్తయ్యను నిలదీశాను. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదుగా. "మీ అమ్మ పెళ్లికి ముందు విమానాల ఫ్యాక్టరీలో రెక్కలు కుట్టేదే. ఒకటి మొదటిసారి ఎగరేసిన రోజే గుడ్డ చిరిగి పడిపోయింది. పైలట్‌కి కాలు పోయింది. కుట్టు బాగాలేదని వదినని పని మానిపించేశారు" అంది. నాకు ఏడుపొచ్చింది. రెక్కల పనిలోనే ఉన్న కూతురికి ఈ మాట నువ్వు చెప్పకూడదా?

గోదాము చిట్టా చూస్తే ఆ రోజు పడిపోయిన రెక్క ఇదే. వారం రోజులు దాన్ని వదల్లేదు. నీ కుట్టు ఒక్కటీ ఊడలేదమ్మా. నాలుగు వేళ్ల ఎడానికో ముడి, ఈరోజుకీ బిగిసే ఉంది. ఊడింది లోపలి కర్ర అతుకు. మంచి అతుకు విరిగితే కర్ర పీచు లేచి వస్తుంది. ఇది నున్నగా ఊడింది, అంటే జిగురు ఆరలేదు. కర్ర విరిగి గుడ్డను చీల్చింది. తప్పు నీది కాదు. రెక్క పక్కన పెట్టే బోర్డు మీద అదే రాస్తాను, నువ్వొచ్చి చదవాలి.

నీ ప్రశ్నల పుట్ట

* * *

నా ప్రశ్నల పుట్టకు,

కోపం రాలేదు. నున్నగా ఊడిందన్న మాట రెండుసార్లు చదివాను. పనిని అంత శ్రద్ధగా చూస్తావని గర్వంగా ఉంది. భయంగానూ ఉంది.

జిగురు ఆరలేదని నాకు ఆ రోజే తెలుసు. అతుకులు వేసింది అక్కడే వడ్రంగిగా ఉన్న మీ నాన్న. జిగురు ఆరేదాకా వాటిని నొక్కి పట్టే బిగింపులు మర్నాటిదాకా విప్పకూడదు. పక్క బల్లవాళ్లు నాకంటే ఒక రెక్క ముందున్నారని నాకు పంతం. "మధ్యాహ్నానికి విప్పేయండి, ఆరిపోయే ఉంటుంది" అన్నాను. "ముసురు పట్టింది, ఆరదు" అన్నారాయన. "నా కోసం" అన్నాను. అప్పటికింకా పెళ్లి కాలేదు. ఆ మాట అంటే ఆయన కాదనలేరని నాకు తెలుసు.

పడిపోయాక అందరూ చిరిగిన గుడ్డనే చూశారు. మీ నాన్న చెప్పేస్తానంటే నేనే ఒట్టు పెట్టించి ఆపాను. తొందర నాది, శిక్ష ఆయనకెందుకు? ఆయన పోయేదాకా ఇద్దరం ఆ ఊసెత్తలేదు. విమానం చప్పుడు వినిపిస్తే మాత్రం ఎవరి మాట వాళ్లం ఆపేసేవాళ్లం.

కుట్టు తప్పు కాదని రాస్తే సగమే నిజం. కుట్టే మనిషే తొందరపడి బిగింపులు ముందే విప్పించిందని రాయి. నీ విమానాల కథలో నా వంతు అది.

కానీ దానికి ముందు ఆ పైలట్ ఎక్కడున్నారో కనుక్కో, ఆరా తీయడం నీకు కొత్తేం కాదు. ఆయన ఈ నిజం బోర్డు మీద చదువుకోకూడదు. నేనే వెళ్లి చెబుతాను. నువ్వూ వెంట రా. గుమ్మం దాకా వెళ్లి నేను వెనక్కి తిరిగితే, నా చెయ్యి వదలకు.

అమ్మ