గుడ్డ ఏనుగు విన్న మాటలు

ప్రియమైన మీకు,

ఇక్కడ మేమిద్దరం కులాసా. నేను ఆయాగా పనిచేసే పిల్లల బడికి ఒక పరిశోధన మేడమ్ వస్తున్నారు. పసిపిల్లలు తమలో తాము ఎలా మాట్లాడుకుంటారో తెలుసుకుంటారట. ఐదుగురిని చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టి, మధ్యలో టేప్ రికార్డర్ పెడతారు. మొదటి రోజు పిల్లలు మీటలు నొక్కడంతోనే సరిపోయింది. అందుకని మీటలు కనపడకుండా మన పాప పిచ్చుక ఆడుకునే గుడ్డ ఏనుగును దాని మీద కూర్చోబెట్టాను. ఇప్పుడు అందరూ ఏనుగుకే కబుర్లు చెబుతున్నారు.

ఆ ఐదుగురిలో మన పిచ్చుక కూడా ఉంది. మీరు పనికోసం అంత దూరం వెళ్ళేనాటికి దానికి మాటలే రాలేదు. ఇప్పుడు ఆపితే ఒట్టు. సిగ్గు విడిచి మేడమ్‌ను క్యాసెట్ అడిగాను, ఇస్తామన్నారు. ఫోను లైను కలవడం లేదన్నారు కదా, ఇలాగైనా దాని గొంతు వింటారు.

మీ
పిచ్చుక వాళ్ళమ్మ

*

పిచ్చుక తల్లికి,

క్యాసెట్ పంపకు. రేకుల షెడ్డులో రోజంతా సుత్తుల మోత. గదిలో నలుగురం ఉంటాం. వినే వీలు లేదు. దానికి జలుబు చేయకుండా చూడు. నువ్వు వేళకు తిను.

నీ
పిచ్చుక నాన్న

*

ఏమండీ,

గదిలో నలుగురుంటే ఏం? వాళ్ళూ పిల్లలున్నవాళ్ళే కదా. నిన్న మేడమ్ పిల్లల ఇళ్ళ గురించి అడుగుతుంటే, పిచ్చుక మీ గురించి ఒక మాట చెప్పింది. మూల కూర్చున్న నేను అరచేయి నోటికి అడ్డం పెట్టుకున్నాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. ఆ మాట నేను రాయను. దాని నోటే వినాలి.

నేను అయిదో తరగతితో ఆగినదాన్ని, మిమ్మల్ని నిలదీయలేను. మా మాట వినాలని మీకు లేకపోతే ఆ సంగతి రాయండి. పిచ్చుకకు నేనే ఏదో ఒకటి సర్దిచెబుతాను.

పిచ్చుక వాళ్ళమ్మ

*

వెర్రిదానా,

లైను బాగానే ఉంది. నా చెవులే పోయాయి. ముందు ఎడమది, తర్వాత రెండోది. ఈ మోతలో అందరికీ కాస్తో కూస్తో పోతుంది, నాకు మొత్తం పోయింది. కిందటిసారి నువ్వు ఫోనులో మాట్లాడుతుంటే ఊరికే ‘ఊఁ’ అన్నాను. నువ్వేం చెప్పావో ఇప్పటికీ తెలియదు. ఇక వినికిడి రాదని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. బెంగపెట్టుకుంటావని దాచాను.

నీ గొంతు నాకు గుర్తుంది. దానిది గుర్తుండడానికి నేను విననే లేదు. ఆ క్యాసెట్ చేతిలో పట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు.

నీ
పిచ్చుక నాన్న

*

ప్రియమైన మీకు,

ఆ రోజు ఫోనులో, మీరు లేక ఇల్లు ఇల్లులా లేదన్నాను. మీరు ‘ఊఁ’ అన్నారు. ఆ జవాబు సరిగ్గా సరిపోయింది.

టేపులో మాటలన్నీ మేడమ్ కాగితం మీదికి ఎక్కిస్తారు. నవ్వితే నవ్వారని, ఆగితే ఆగారని కూడా రాస్తారు. నాకూ నేర్పమన్నాను. బడి ఊడ్చాక ఆవిడ పక్కన కూర్చుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విని రాశాను. తప్పులుంటే మన్నించండి.

మేడమ్: మీ నాన్న ఎక్కడుంటారు?
పిచ్చుక: ఉత్తరం కవర్లో.
కళ్ళజోడు బాబు: కవర్లో ఎలా పడతాడే?
పిచ్చుక: మడత పెట్టుకుని.
(అందరూ నవ్వారు. పిచ్చుక నవ్వలేదు.)
పిచ్చుక: ఏనుగూ, విప్పితే లేచి నిలబడతాడు కదూ?

గొంతు ఎలా ఉందో రాయడానికి ఆ పద్ధతిలో చోటు లేదు. అది నేను రాస్తాను. చీకటి పడితే గుమ్మంలో నిలబడి అత్తయ్య మిమ్మల్ని అన్నానికి పిలిచేవారే, చివర కాస్త సాగదీసి. అచ్చం అదే గొంతు. మీకు తెలిసిన గొంతే.

పిచ్చుక మాటలు ఆ గొంతుతో చదువుకోండి.

మీ
పిచ్చుక వాళ్ళమ్మ