జీరాకు తలంటిన వైనం

సీతాఫల్‌మండి,
సికింద్రాబాద్.

ప్రియమైన ఎమిలీకి,

ముందుగా నా తెలుగు పేదరికానికి మన్నింపు కోరుతున్నాను. పగలు ఫైళ్ళు మోసి, రాత్రి కళాశాలలో పట్టా పుచ్చుకున్నవాడి వాక్యం ఎంత సరిచూసుకున్నా ఎక్కడో ఒకచోట కుంటుతుంది. దీనిని నీవు అత్తయ్యగారికి చదివి వినిపిస్తావని తెలుసు. జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పిన ఆమె నా తప్పులు ఎంచుతూ కాలి నొప్పిని కాసేపు మరచిపోతే నాకు అంతకంటే కావలసింది లేదు.

దేవుని కృప వలన ఇక్కడ నేనూ అక్సా కుశలమే. మచిలీపట్నంలో అత్తయ్యగారు కర్ర సాయంతో వరండా దాకా నడిచారని తెలిసి సంతోషించాము. నీకు ఆయాసం మళ్ళీ రాలేదన్న వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను.

ఇక నీవు జీరా గురించి అడిగినవి. ఢిల్లీకి బదిలీ అయిన మా ఆఫీసు కల్పలత మేడమ్‌గారు అక్కడ ఇల్లు దొరికేదాకా చూడమని వదిలిన కుక్క ఇది. తల్లి మాల్టీస్, తండ్రి పూడిల్. ఈ సంకర జాతిని మాల్టీపూ అంటారట. మన పెద్ద కుక్కరంత ఉంటుంది. వేయించిన జీలకర్ర రంగు.

అన్నంలో వెంట్రుకలు పడవా అని అడిగావు. పడవు. నన్ను మొదట ఆశ్చర్యపరచినది ఇదే. నల్ల ప్యాంటు వేసుకుని దానిని ఒడిలో కూర్చోబెట్టుకుని మరీ పరీక్షించాను. దీనికీ వెంట్రుకలు ఊడుతాయి. కానీ నేల మీద రాలక ఉంగరాల లోపలే చిక్కుకుని ఉండిపోతాయి. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

జుట్టు పీచులాగా కనబడితే మన ఇళ్ళలో ఎవరైనా ఏమి చేస్తారు? ఆదివారం గుడికి పిల్లలను సిద్ధం చేసినట్టే, ప్రతి శనివారం కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి మెడ నుండి తోక దాకా మర్దన చేశాను. జీరా కూడా నాలుగు కాళ్ళూ చాపి, కళ్ళు మూసుకుని సహకరించింది. కొన్నాళ్ళకు మన వీధి దుమ్మంతా ఆ నూనెకు అంటి ఉంగరాలు అట్టలు కట్టాయి. చెవుల వెనుక దువ్వెన దిగలేదు. అక్సా, నేను దానిని పశువైద్యురాలు లాస్యగారి వద్దకు తీసుకుపోయాము. ఆమె ముట్టుకుని, తన వేళ్ళు వాసన చూసుకున్నారు.

"ఏంది సార్, గిట్ల జిడ్డు జిడ్డుగున్నది?"

"కొబ్బరినూనె అమ్మా. గానుగలో ఆడించినదే."

"కుక్కకు తలంటు పోసిన్రా?"

"ఇంకో నెలైతే మా డాడీ రిబ్బన్లు కట్టి సండే స్కూల్‌కు సుత పంపుతుండె మేడం" అన్నది నీ కూతురు.

"డిగ్రీలో నాకు జంతుశాస్త్రం లేదు" అన్నాను. డాక్టరుగారు ఎందుకో కిటికీ వైపు తిరిగి కాసేపు నిలబడ్డారు.

అట్టలు విప్పే వీలు లేక మొత్తం గొరిగించవలసి వచ్చింది. లోపలి నుండి గులాబి రంగు చర్మంతో పిల్లిపిల్లంత ప్రాణి బయటపడింది. ఇంటికి వచ్చి నా వంక చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నది. అన్నం వేళకు క్షమించింది.

ఇప్పుడు మొలుస్తున్న జుట్టును రోజూ చర్మం దాకా దువ్వుతున్నాను. పైపైన దువ్వితే లోపల చిక్కు అలాగే ఉంటుంది. స్నానం తరువాత చెవుల లోపల తడి ఉండకూడదు. చిన్న నోటిలో పళ్ళు కిక్కిరిసి ఉంటాయి గనుక వాటినీ తోమాలి. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ దీనికి విషంతో సమానం. నీవు అడిగిన మటన్ ఎముకలు కూడా వేయటం లేదు. ఉడికిన ఎముక పగిలి లోపల గుచ్చుకుంటుందట.

తెలివి విషయం ఒకటి రాయాలి. కుటుంబ ప్రార్థనకు మేము మోకరించగానే పక్కన వచ్చి పడుకుంటుంది. ఆమేన్ అనగానే లేస్తుంది. మాటను బట్టి లేస్తుందా, మా కదలికను బట్టి లేస్తుందా అని ఒకనాడు ప్రార్థన నడుమ కదలకుండా ఆమేన్ అన్నాను. లేచింది. "దేవునితోని సుత టెస్టులా డాడీ?" అని అక్సా కోప్పడింది.

నీ ఉబ్బసానికి ఇది పడుతుందా అన్న నీ అసలు ప్రశ్నకు వస్తాను. ఉబ్బసం ఉన్నవారికి కూడా ఈ జాతి ఫరవాలేదని అమ్మినవారు మేడమ్‌గారికి చెప్పారట. లాస్యగారు ఒప్పుకోలేదు. "అట్ల గ్యారంటీ ఇయ్యలేం సార్. ఒట్టి వెంట్రుకలతోనే కాదు, చర్మం పొట్టుతోని, లాలాజలంతోని సుత కొందరికి పడది" అన్నారు. మేడమ్‌గారు నిన్న ఫోను చేశారు. అక్కడి ఇంటి యజమాని కుక్కను ఒప్పుకోలేదు. జీరాను మనం ఉంచుకోకపోతే బన్సీలాల్‌పేట్‌లోని ఆమె స్నేహితురాలు తీసుకుంటుందట. నేను ఇంకా జవాబు చెప్పలేదు.

పడకగదిలోకి రానివ్వవద్దని నీవు షరతు పెట్టావు. జీరా ఆ గడప దాటలేదు. ఇది సత్యమే గాని పూర్తి సత్యం కాదు. నేనే హాలులో చాప వేసుకుని పడుకుంటున్నాను. ఈ జాతి ఒంటరిగా ఉండలేదని, ఏడుస్తుందని అలా మొదలుపెట్టాను. అది ఏడుపు మానిన తరువాత కూడా నేను గదిలోకి తిరిగి పోలేదు. నీవు లేని ఆ గదిలో నాకు నిద్ర పట్టటం లేదు, ఎమిలీ. ఇది ఫోనులో చెప్పగలిగినవాడిని కాను.

కనుక ఈ విషయంలో నా సాక్ష్యం చెల్లదు. నేను పక్షపాతిని. నీ ఆయాసానికి మందు ఇచ్చే డాక్టరుగారిని అడుగు. ఆయన సరేనంటే, నీవు వచ్చిన రోజు ముందుగా మేడ మీద, గాలి ఆడే చోట, మందు చేతిలో ఉంచుకుని జీరాను చూడు. ఆయన వద్దన్నా, నీకు ఏమాత్రం ఎగఊపిరి వచ్చినా, ఆ సాయంత్రమే నేను దానిని బన్సీలాల్‌పేట్‌లో అప్పగించి వస్తాను. ఆ మాట మళ్ళీ ఎత్తను.

ఈ ఉత్తరాన్ని అత్తయ్యగారికి వినిపించు, హాలు సంగతి తప్ప. తరువాత డాక్టరుగారికి లాస్యగారి మాటలున్న చోటు చూపించు. బన్సీలాల్‌పేట్ సంగతి అక్సాకు ఇంకా తెలియదు. ఉంచుకుందామని నీవు నిర్ణయిస్తే ఈ కాగితాలు నీ వద్దనే ఉంచు. వద్దనుకుంటే నీ జవాబుతో కలిపి అక్సా పేరున పంపు. ఆ పిల్లకు ఎదురుగా నిలబడి నేను చెప్పలేను, చదువుకోనీ.

ఇట్లు,
నీ రాకకు ఎదురుచూచు నీ భర్త,
జెరెమియా