పద్నాలుగో వరసలో పులకరింత

చిన్నరంగప్పకు,

భద్రతా విభాగం నుంచి ప్రజ్వల్ నమస్కారాలు. తిరుమణి సోలార్ ప్లాంటులో మీరు రాసే సెక్యూరిటీ రిజిస్టరు చూశాను. ‘విశేషాలు’ అన్న చోట వారం రోజులుగా ఒకటే ఉంది: “ఉదయం ఆరున్నర. పద్నాలుగో వరస. పులకరింత.” ఇది ఏ పరికరం? ఎప్పుడు చెడిపోయింది? వెంటనే తెలపండి.

ఇట్లు,
ప్రజ్వల్

తా.క.: స్టోరులో అడిగాను. అలాంటి స్పేరు పార్టు లేదన్నారు.

ప్రజ్వల్ సారుకి,

దండాలు. పులకరింత పరికరం కాదు సార్, సంతోషం. ఏదీ దాచకుండా రాయమన్నారని రాశాను. దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా అడుగుతారేమోనని పావగడ బజారుకు వెళ్లి, కిరాణా కొట్టు అనంతరాము శెట్టి గారి పాత నిఘంటువులో చూసొచ్చాను. సంస్కృతంలో ‘పులక’ అంటే ఒంటి మీద రోమాలు నిక్కపొడుచుకోవడమట. ఆనందం మనసులో పట్టక ఒంటి మీదికి వస్తే అదే పులకరింత. నాకు ముందు ముంజేతుల మీద వస్తుంది, తర్వాత మెడ వెనక.

మీ విధేయుడు,
చిన్నరంగప్ప

తా.క.: తల మీద నిక్కపొడుచుకోవడానికి ఏమీ మిగల్లేదు సార్.

చిన్నరంగప్పకు,

మీ ఉత్తరం చూశాక నాకు ముద్ద దిగలేదు. రోమాలు నిక్కపొడుచుకుంటున్నాయని ఇంత తీరిగ్గా రాస్తారా! అది కరెంటు లీకేజీ. ఎర్తింగు తవ్వించి చూస్తున్నాం. ప్రమాదం కాబట్టి అక్కడ ప్యానెళ్లు కడిగే ఓబమ్మను వల్లూరు వైపు మార్చాం. మీరు మాత్రం అక్కడే ఉండి, లీకేజీ తగ్గిందో లేదో చూసి రోజూ రాయండి.

ఇట్లు,
ప్రజ్వల్

తా.క.: రిజిస్టరులో ‘సంతోషం’ అని రాయకండి. పైవాళ్లు కంగారు పడతారు.

ప్రజ్వల్ సారుకి,

మూడు రోజులైంది, ఒక్క రోమం లేవలేదు. ఇక దాచి లాభం లేదు. ఓబమ్మ రోజూ ఆరున్నరకు వైపరు భుజాన వేసుకొని వచ్చి, “ఏమప్పా రంగప్పా, ఏమన్నా తినినావా?” అని అడిగేది. నా ఇల్లాలు పోయి ఆరేళ్లు. ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. మీ లీకేజీ అదే సార్. ఆమెకూ ఎవరూ లేరు. పెళ్లి మాట అడుగుదామని ధైర్యం కూడగట్టుకుంటుంటే మీరు ఆమెను వల్లూరు పంపేశారు. దయచేసి వెనక్కి పంపండి. ఆమె మనసులో ఏముందో తెలియదు, నవ్విపోతుందేమోనని భయంగా ఉంది. ఈ ఉత్తరం ఆమెకు చూపించకండి.

మీ విధేయుడు,
చిన్నరంగప్ప

తా.క.: ఫోన్‌లో చెబుదామనే అనుకున్నాను. మీరు ఎత్తగానే పెట్టేసింది నేనే.

చిన్నరంగప్ప గారికి,

మీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. ఆ అవసరమే రాలేదు. అదే రోజు వల్లూరు నుంచి ఓబమ్మ గారి అర్జీ కూడా వచ్చింది. ఆమె చెబుతుంటే ఎవరో రాసిపెట్టారట. ఉన్నదున్నట్టు పంపుతున్నాను:

“ఆడ లీకేజీ ఏమీ లేదు సారూ. నాకూ రోజూ ఆరున్నరకి రోమాలు లేస్తాండె. సిగ్గయి ఎవురికీ చెప్పలేదు. ఈడ పని బాగానే ఉండాది గానీ మనసు ఆడే ఉండాది. ఆయప్ప నేను అడగకుంటే తినడు. నన్ను ఆడికే పంపండి.”

రేపటి నుంచి ఆమె డ్యూటీ పద్నాలుగో వరసలోనే. ఈసారి ఆమె నోరు తెరిచేలోపు మీరే అడగండి. రిపోర్టులో ‘కారణం దొరికింది, మరమ్మతు అక్కర్లేదు’ అని రాశాను.

మీ మేలు కోరే,
ప్రజ్వల్

తా.క.: నిన్న ఇంటికెళ్లగానే మా ఆవిడను “ఏమన్నా తిన్నావా?” అని అడిగాను. జ్వరమేమోనని నా నుదురు పట్టుకుని చూసింది.