డ్రైవరు సీటులో ఎవరూ కూర్చోలేదు

మా ఆవిడ గారికి,

మీ ఆయన రాస్తున్నది. ఇక్కడ నేను, మన పిల్ల బుడంకాయ, మీ అమ్మ ముగ్గురం క్షేమంగానే ఉన్నాం. క్షేమం అంటే వేళకి తింటున్నాం, వేళాపాళా లేకుండా పోట్లాడుకుంటున్నాం. నువ్వు ఆ రేవులో, మబ్బుల దగ్గర వేలాడే ఆ క్రేను గదిలో ఒక్కదానివే కూర్చుని ఎలా ఉన్నావో అని మాకు ఒకటే బెంగ. గాలి ఎక్కువైతే నిజంగానే కిందికి దింపేస్తున్నారా, లేక మా ధైర్యం కోసం అలా రాశావా? ఈసారి దాచకుండా రాయి.

ఈ మాటే ఫోన్లో అడగొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు ఊ కొడుతూ కొడుతూ నిద్రలోకి జారుకుంటావు. ఆ సంగతి తెలియక నేను చాలాసేపు నీ గురకకి జవాబులు చెబుతూ కూర్చుంటాను. ఉత్తరమైతే మెలకువగా ఉన్నప్పుడే చదువుతావు.

ముందు నువ్వు అడిగినవి. మీ అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది. తగ్గిందని మాత్రం ఒప్పుకోదు. దుకాణంలో పని బాగానే ఉంది, బడి యూనిఫారాలు గుట్టలు పడ్డాయి. బుడంకాయ మిషను కింద కూర్చుని గుడ్డ ముక్కలు ఏరుతోంది. దాని ఊగే పన్ను ఊడిందా అని అడిగావు. ఊడింది. ఎవరి చేతిలో ఊడిందో తెలిస్తే నవ్వుతావు, అది బండి కథలో వస్తుంది. ఇక నీ నడుముకి కుడతానన్న దిండు ఎంతవరకు వచ్చిందని అడిగావు. వచ్చింది. దాని సంగతి ఆఖర్న రాస్తాను.

ఇప్పుడు నువ్వొచ్చాక అద్దెకి తిప్పుదామనుకున్న ఆ బండి. నువ్వు చెప్పినట్టే మొన్న సెలవు రోజు మెకానిక్ బాబాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. బుడంకాయ కూడా వస్తానని మొండికేసింది. బండి అమ్ముతున్నాయన ప్రాక్టీసు మానేసిన పళ్ళ డాక్టరు. ఇంటి పక్కన రేకుల షెడ్డు, దాంట్లో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది నీ జర్మన్ బండి. ఆయన దుప్పటి లాగాడు. నువ్వు హోటల్లో డ్రైవరుగా ఉన్నప్పుడు నడిపిన మోడలే, రంగు మాత్రం వేరు. వాన పడే ముందు ఆకాశానికి ఒక నీలం ఉంటుంది చూడు, అదీ. ఇరవై ఏళ్ళ నాటి బండి అంటే ఎవరూ నమ్మరు. నువ్వు ఆ యూనిఫారం టోపీ పెట్టుకుని హోటల్ గుమ్మంలో తలుపు తీసి నిలబడే రోజులు గుర్తొచ్చి, అక్కడే కాసేపు పిచ్చి చూపులు చూస్తూ ఉండిపోయాను.

నువ్వు రాసిన మొదటి పరీక్ష, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించమని. బానెట్ మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉంది. డాక్టరు గారు సంతోషంగా, "మీరొస్తున్నారని పొద్దున్నే వేడి చేసి ఉంచానండీ" అన్నాడు.

మెకానిక్ బాబాయి తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశారండీ! మత్తు ఇచ్చేశాక నొప్పుందా అని అడిగితే మీ పేషెంటు మాత్రం ఏం చెప్తాడు?"

ఆయనకి ఆ మాట బాగా ఎక్కింది. సరే, చల్లారేదాకా ఉండండి అని అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. చినుకులు మొదలయ్యాయి. రేకుల మీద చప్పుడు వింటూ అందరం ఏ తొందరా లేకుండా కూర్చున్నాం. అప్పుడే బుడంకాయని దగ్గరికి పిలిచి, "ఏదీ, నోరు తెరువు తల్లీ, ఎన్ని పళ్ళున్నాయో చూద్దాం" అన్నాడు. అది నోరు తెరవడం, మూయడం, ఆయన అరచేతిలో పన్ను ఉండటం అన్నీ ఒకేసారి జరిగిపోయాయి. ఏడవాలా వద్దా అని అది నా మొహం చూసింది. నేను నవ్వేసరికి అదీ నవ్వేసింది. ఇప్పుడు ముందు కిటికీ తెరుచుకుని తిరుగుతోంది.

ఇంజను చల్లబడ్డాక బాబాయి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ లేదు, దగ్గు లేదు. కింద దూరి చూశాడు, నూనె కారడం లేదు. బెల్టు ఈమధ్యే మార్చారు, ఆ కాగితాలు కూడా ఉన్నాయి. ముందు చక్రాల దగ్గర గుంతలో పడితే కటుక్కుమంటోంది, ఆ రబ్బర్లు మార్చాలన్నాడు. మీటర్ల మధ్య ఉండే చిన్న తెరలో అంకెలు ఎలక కొరికినట్టు సగం సగమే కనిపిస్తాయి. లోపల పైకప్పు గుడ్డ వెనక వైపు జారి వేలాడుతోంది. నా చేతులు ఊరుకుంటాయా? కాలరులో గుచ్చుకున్న సూది తీసి అక్కడే కుట్టడం మొదలుపెట్టాను.

"ఒరేయ్ నాయనా, ఇంకా కొనలేదురా మనం" అని బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

తర్వాత నన్ను పక్కకి తీసుకెళ్ళి అసలు పని చెప్పాడు. "ఇంజను నేను చూశాను. లోపలి గుడ్డలు, కార్పెట్టు నీ శాఖ. ఎక్కడన్నా తడి ఉందేమో జాగ్రత్తగా చూడు. ఈ బండ్లకి మెదడు తలలో ఉండదు, ముందు సీటు ముందర కాళ్ళ కింద ఉంటుంది. కార్పెట్టు కింద ఓ డబ్బా, దాన్నిండా వైర్లు. అక్కడికి నీళ్ళు చేరాయంటే ఇవాళ అద్దం దిగదు, రేపు తలుపు తెరుచుకోదు, ఎల్లుండి నడిరోడ్డు మీద కదలనంటుంది. అలాంటి దాంట్లో అద్దెకి మనుషుల్ని ఎక్కించుకోలేం." నేను బుద్ధిమంతుడిలా తల ఊపాను.

అందరం కలిసి ఊరి చివరిదాకా వెళ్ళొచ్చాం. బాబాయి నడిపాడు, డాక్టరు ఆయన పక్కన కూర్చున్నాడు, వెనక మేమిద్దరం. చెప్పులు షెడ్డులోనే విడిచి ఎక్కాం. నా దుకాణంలో పరిచిన గుడ్డ మీద చెప్పుకాలు పెట్టనివ్వను కదా, ఆ అలవాటు. తలుపు వేస్తే బయటి లోకం ఆగిపోయింది. వాన పడుతోంది కానీ చప్పుడు లేదు. దుకాణాల దీపాలు తడి అద్దం మీద కరిగి జారిపోతున్నాయి. మనుషులు నోళ్ళు కదుపుతున్నారు, మాటలు వినిపించడం లేదు. బుడంకాయ నా భుజం మీద తల వాల్చి, "నాన్నా, మనం చేపలమా?" అంది. ఆ బండిలో కూర్చుంటే ఎక్కడికీ వెళ్ళాలనిపించదు, అలా పోతూనే ఉండాలనిపిస్తుంది. నువ్వు దీన్ని ఎందుకు మర్చిపోలేకపోయావో అప్పుడర్థమైంది.

తిరిగొచ్చాక డాక్టరు, బాబాయి కాగితాలు చూడటానికి ఇంట్లోకి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ డాక్టరు తాళాలు నా చేతిలో పెట్టి, "మీరే కాసేపు కూర్చుని తీరిగ్గా చూసుకోండి" అన్నాడు. సరేనని చెప్పులు లేకుండానే మళ్ళీ ఎక్కాం. నేను ముందు ఎడం పక్కన, బుడంకాయ వెనకాల. ఎక్కి కూర్చుని తలుపులు వేసుకుని, ఇద్దరం ఎదురు చూస్తున్నాం.

దేనికని అడుగు. మన ఇంట్లో బండి అంటే నువ్వే కదా నడిపేది. హోటల్ బండి కడిగి తీసుకెళ్ళేటప్పుడు మమ్మల్ని సందు చివరిదాకా ఎక్కించుకునేదానివి. నేను ఇటు, అది వెనక, స్టీరింగు నీది. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? ఇద్దరిలో ఒక్కరికైనా డ్రైవరు సీటులో కూర్చోవాలని తోచలేదు.

వెనక నుంచి బుడంకాయ, "అమ్మా, పచ్చ లైటు పడింది, పోనియ్" అంది.

నేనేమన్నా తక్కువ తిన్నానా? ఖాళీ సీటు వైపు తిరిగి, "మెల్లగా పోనీవోయ్, రోడ్డు తడిగా ఉంది" అన్నాను. అన్నాక ఆ సీటు వైపు చూడలేకపోయాను.

డాక్టరు వచ్చి అద్దంలోంచి తొంగి చూశాడు. "ఏమండీ, డ్రైవరేడీ?"

"అమ్మ నడుపుతోంది అంకుల్. మీరు అడ్డం తప్పుకోండి" అంది నీ కూతురు.

పాపం, ఆయన నిజంగానే పక్కకి జరిగాడు.

ఆ తర్వాత బాబాయి వచ్చి, "లోపలంతా చూశావా? ఎలా ఉంది?" అని అడిగాడు. "బాగుంది" అన్నాను. ఇంటికి రాగానే మీ అమ్మ, "కారు చూడటానికి వెళ్ళావా, కలలు కనడానికి వెళ్ళావా, ఆ మొహమేంటి?" అంది. ఆవిడ కళ్ళకి ఏదీ దాగదు.

ఇంతవరకూ రాసిందంతా నిజమే. కానీ మధ్యలో ఒక ముక్క ఎగరగొట్టాను. ఇప్పుడు రాస్తున్నాను, తిట్టకుండా చదువు.

ముందు సీటులో కూర్చున్నప్పుడు నా కాళ్ళకి చెప్పులు లేవని చెప్పాను కదా. కాళ్ళ కింద రబ్బరు పట్టా ఉంది. కాలు చాపితే వేళ్ళు పట్టా దాటి కార్పెట్టుకి తగిలాయి. చల్లగా అనిపించింది. మడమతో నొక్కాను, వేళ్ళ సందుల్లోకి నీళ్ళొచ్చాయి. అందరూ పప్పులో కాలేస్తారు, నేను నేరుగా నీళ్ళలోనే వేశాను. వంగి వాసన చూశాను. తడిసి ఆరి, మళ్ళీ తడిసి ఆరిన గుడ్డ వాసన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అది ఆ రోజు వాన కాదు. ఎన్నాళ్ళ నుంచో ఎక్కడో లోపలికి కారుతోంది. సరిగ్గా బాబాయి చెప్పిన చోట.

తలుపు తీసి బాబాయిని పిలుద్దామనుకున్నాను. సరిగ్గా అప్పుడే వెనక నుంచి బుడంకాయ, "అమ్మా, పచ్చ లైటు పడింది" అంది. నువ్వు రాసిన మాటలు గుర్తొచ్చాయి. బండి బాగుంటే నెలాఖరుకి వచ్చేస్తాను, బాగోకపోతే ఇంకో ఏడాదికి సంతకం పెట్టేస్తాను అన్నావు. నాకు బండి కావాలో, నువ్వు కావాలో రెండూ కలిసిపోయి చిక్కుపడ్డాయి. తడి కాలు ప్యాంటుకి తుడుచుకుని, దిగి, బాగుంది అనేశాను. బాబాయి నన్ను నమ్మాడు. నిన్నంతా బడి చొక్కాలు కుడుతున్నానన్న పేరే కానీ, చేతులు పని చేస్తుంటే మనసు ఆ బండిలోనే తిరుగుతోంది. నువ్వు నడుపుతున్నావు, మేం చేపల్లా కూర్చున్నాం. మరో వైపు, అదే బండి ఎవరో పెద్దమనుషుల్ని ఎక్కించుకుని వానలో ఆగిపోయినట్టు, నువ్వు ఒక్కదానివే దిగి తోస్తున్నట్టు కూడా కనిపించింది.

ఉండబట్టలేకపోయాను. ఇవాళ పొద్దున దుకాణం తెరవకుండా ముందు బాబాయి దగ్గరికి, అక్కణ్ణుంచి ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పట్టా ఎత్తి చూపించాను. డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని తడిమి చూసుకుని, తన పన్నే ఎవరో పీకేసినట్టు మొహం పెట్టాడు. నిజంగానే ఆయనకి తెలియదు. బాబాయి కార్పెట్టు పైకి లాగి లోపలి డబ్బా చూశాడు, వైర్ల కొసలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. తల అడ్డంగా ఊపాడు. వద్దని నేనే చెప్పాను. నా మీద బాబాయికి కోపం వస్తుందనుకున్నాను. దారిలో మాత్రం, "నీ పెళ్ళాం మీద బెంగతో నాకే టోపీ పెట్టబోయావు కదరా" అని నవ్వి ఊరుకున్నాడు.

కాబట్టి బండి లేదు. నీ మాట ప్రకారం నువ్వు ఇంకో ఏడాది అక్కడే ఉండాలి. నేను మాత్రం ఆ మాటకి ఒప్పుకోను. ఇంకో బండి కోసం బాబాయి వెతుకుతానన్నాడు. ఆ వెతుకులాటేదో నువ్వే ఇక్కడికొచ్చి చెయ్యి. నీ కన్ను పడితే తడి దాగదు. నన్ను పంపిస్తే నేను బండిని చూడను, నీ సీటు చూస్తాను. బండి దొరికేదాకా ఏ హోటలు వాళ్ళ బండో నడుపు, నేను ఇంకో నాలుగు చొక్కాలు ఎక్కువ కుడతాను. బండి లేకుండా ఇల్లు నడుస్తుంది. నువ్వు లేకుండా నాకు నడవడం లేదు. ఈ మాట ఫోన్లో చెప్పి ఉంటే నువ్వు ఊ కొట్టి పడుకునేదానివి.

ఇక ఆ దిండు. అది ఎప్పుడో పూర్తయింది. పంపిస్తే నువ్వు హాయిగా అక్కడే కూర్చుండిపోతావేమోనని ఇన్నాళ్ళూ బీరువాలో దాచాను. నువ్వు నడుం పట్టుకుని కూర్చుంటుంటే నేను దిండు దాచుకోవడం ఏం మగతనమో నాకే తెలియదు. ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను, అందగానే వాడు. నువ్వు అడిగినట్టు కుర్చీకి కట్టుకునే తాళ్ళు మాత్రం కుట్టలేదు. వాటి బదులు పైన ఒక పిడి కుట్టాను, చేత్తో పట్టుకుని బయల్దేరడానికి.

నీ దారి చూస్తూ,

ఇట్లు,
మీ ఆయన