పెనుకొండ వంకలో దొరికిన పన్ను

2003వ సంవత్సరం నవంబరు 14వ తేదీన, అనంతపురం జిల్లా హిందూపురంలో కాపురముంటున్న, కొత్తచెరువు పుల్లన్న గారి పెద్ద కూతురిని, విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలిని, అవివాహితను, 66 ఏళ్ళ వయసు గల ప్రేమలత అనే నేను, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతిరాతతో రాసిన వీలునామా ఇది.

బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు గారి సర్టిఫికెట్ జతపరిచాను. అక్షరాలు వంకరపోతే అది వయసు వల్ల కాదు, భయం వల్ల. భయపడేవాళ్ళకు మతి తప్పినట్టు చట్టంలో ఎక్కడా లేదని వకీలు గారిని అడిగి తెలుసుకున్నాను. కాబట్టి దీన్ని కోర్టులో కొట్టేయించాలనుకునే నా మేనల్లుడు లోకేష్ వేరే దారి చూసుకోవాలి.

1. నా తదనంతరం ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత ధర్మవరంలో పళ్ళ డాక్టరుగా ఉన్న నా పాత విద్యార్థిని రమాదేవికి అప్పగిస్తున్నాను. ఇంటర్‌లో కప్పను కోయమంటే వెక్కివెక్కి ఏడ్చిన పిల్ల. ఇప్పుడు ఊరందరి పళ్ళూ పీకుతోంది. భయపడుతూనే పని పూర్తిచేసే మనిషి నాకు కావాలి.

2. పెనుకొండ కొండ వెనక, వాన నీళ్ళు పారే వంక పక్కన నాకు సంక్రమించిన మెట్ట పొలం ఉంది. 1994 వానలకు వంక గట్టు విరిగిపడి రాతి గొడ్డళ్ళు బయటపడ్డాయి. వాటి మధ్య గట్టిపడ్డ మట్టిలో ఒక దవడ పన్ను నా కంటబడింది. రమాదేవి దాన్ని భూతద్దం కింద పెట్టి చూసి, “మేడమ్, ఇది మనిషి పన్నే. మన మాదిరి మనిషిది మాత్రం కాదు” అంది. అదిప్పుడు ధర్మవరంలో బ్యాంకు లాకరులో ఉంది. ఆ పన్నూ, ఈ పొలమూ కింద చెప్పబోయే ట్రస్టుకు చెందాలి. పొలాన్ని ఎవరూ అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, కంకర మిషన్లకు ఇవ్వకూడదు.

3. నా బ్యాంకు డిపాజిట్లూ, అమ్మ నగలు అమ్మగా వచ్చేదీ కలిపి, మనిషి ఎట్లా మనిషయ్యాడో తెలుసుకునే పరిశోధనకు ఒక ట్రస్టు పెట్టాలి. ఏ ఒక్క శాస్త్రానికీ విడిగా పైసా ఇవ్వకూడదు. ఎముకలు చదివేవాళ్ళు, మట్టి పొరలు చదివేవాళ్ళు, విత్తనాల వాళ్ళు, జన్యువుల వాళ్ళు, పళ్ళ డాక్టర్లు కలిసి ఒకే అర్జీ మీద సంతకాలు పెడితేనే ఇవ్వాలి. 2001లో వచ్చిన ఇద్దరు పండితులను నేను మరిచిపోలేదు. రాళ్ళాయన రాళ్ళు మూటగట్టుకుపోయాడు, మట్టాయన మట్టి మూటగట్టుకుపోయాడు. నేను వడ్డించిన రాగిముద్దా పప్పూ కూడా ఇద్దరూ వేరువేరు గదుల్లో కూర్చుని తిన్నారు. ఆ పన్ను ఏ కాలానిదో ఒకరు చెప్పాలి, అది ఏమి నమిలిందో ఇంకొకరు చెప్పాలి. మాట్లాడుకోకపోతే ఇద్దరికీ సగమే తెలుస్తుంది.

ఏటా ఏమి తెలిసిందో పెనుకొండ సంతలో మైకు పెట్టి తెలుగులో చెప్పాలి. ఎందుకో కింద రాస్తున్నాను.

4. ఆ పండితులు వంక గట్టున గుంత తవ్వించినప్పుడు వచ్చిన కూలీలు, కోడిని కోయనిదే గడ్డపార వేసేది లేదన్నారు. పండితులిద్దరూ ఒకే మాట మీద నిలబడింది అప్పుడొక్కసారే: పూజ వద్దన్నారు. మనుషులు భయపడుతుంటే పని ఎట్లా చేయిస్తామని నేనే ఒప్పుకున్నాను. ఒక పక్క నేను ప్రభువుకు ప్రార్థన చేసుకున్నాను, ఒక పక్క వాళ్ళు నిమ్మకాయలు కోసి, కుంకుమ చల్లి, కోడిని కోశారు. రోడ్డున పోయేవాళ్ళు ఆ గుంతనూ, రక్తాన్నీ చూశారు. లెక్చరరమ్మ గుప్తనిధి తీస్తోందని పొద్దుగూకేలోగా పెనుకొండంతా పాకింది. ప్రతి రాయి కిందా రాయలవారి బంగారం ఉందని నమ్మే ఊళ్ళో ఇంకేమనుకుంటారు?

లోకేష్ కూడా నమ్మాడు. “అత్తా, ఎముకలకు ఎవురన్నా దుడ్లు పెడతారా? ఆడ ఏముండాదో నాకు తెలుసులే” అన్నాడు. నేను పరిశోధనకు ఎంత ఖర్చుపెడితే వాళ్ళ నమ్మకం అంత ముదిరింది. ఈ ట్రస్టుతో ఇంకా ముదురుతుందని నాకు తెలుసు. అందుకే సంతలో చెప్పమంటున్నాను.

పోయిన నెల వాడు ఒక మంత్రగాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చాలా మర్యాదగా కాఫీ తాగి నా జన్మనక్షత్రం అడిగాడు. మా ఇంట్లో బాప్తిస్మం తేదీలే తప్ప నక్షత్రాలు రాసుకోలేదని చెప్పాను. “మీ తల్లికి మీరు తలచూలా?” అన్నాడు. అవునన్నాను. ఆయన లోకేష్ వైపు చూసి తల ఊపాడు. నిధి తలచూలు బిడ్డనే బలి అడుగుతుందని ఈ పక్క అందరూ చెప్పుకునే మాటే. వాళ్ళు పోయాక తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

5. హిందూపురంలోని నా ఇల్లు లోకేష్‌కే ఇస్తున్నాను. ఇల్లు దక్కితే పొలం జోలికి పోడన్న ఆశ ఒకటి. రెండోది, మా తమ్ముడు చంద్ర పోయినప్పుడు వీడు జ్వరంతో నా ఒళ్ళో పడుకుని నా చీర కొంగు వదల్లేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ కోపం నిలవదు. వాడు ఆ గుంతలో గడ్డపార వేసినట్టు తేలితే మాత్రం ఇల్లు ట్రస్టుకే.

6. ఇన్నేళ్ళూ నాకు వండిపెట్టిన జయమ్మకు నా ధర్మవరం పట్టుచీరలన్నీ. ఆమె కట్టుకోవాలి, బీరువాలో దాచకూడదు. రమాదేవికి నా కోత కత్తుల పెట్టె.

7. పొలంలో గొర్రెలు మేపుకునే హక్కు, అక్కడి రేకుల షెడ్డు, కాపలాదారు నల్లప్పకు, అతని తర్వాత అతని పిల్లలకు. మొన్న అతను ఫోను చేసి, “అమ్మా, వాళ్ళు మళ్ళా వచ్చినారు. గుంత కాడ ముగ్గు వేస్తాండారు. నువ్వు మాత్రం రావద్దు” అన్నాడు. నిన్న సాయంత్రం గొర్రెలు వాటంతటవే ఇల్లు చేరాయని అతని పిల్లలు ఫోను చేశారు. నల్లప్ప రాలేదు. పోలీసులు రెండు రోజులు చూద్దామన్నారు. నాకు చూసే ధైర్యం లేదు. ఈ కాగితం రిజిస్ట్రారు ఆఫీసులో అప్పజెప్పి, అటునుంచే పెనుకొండ బస్సెక్కుతాను. పొలంలో నేను నిలబడితే, వాళ్ళకు కావలసింది నేనే కాబట్టి, అతన్ని వదిలేస్తారేమో.

8. ఆ గుంతలో పరిశోధకులకు కొత్తగా అస్థిపంజరం ఏదైనా దొరికితే తొందరపడి సంబరపడవద్దు. ముందు ఎడమ తుంటి చూడండి. అందులో ఉక్కు కడ్డీ ఉంటే అది పరిశోధనకు పనికొచ్చే ఎముక కాదు. కొలతలు తీయకుండా, ఎక్కడున్నది అక్కడే ఉంచి, పోలీసులను పిలవండి.

పైన రాసినదంతా నేనే రాసి, నేనే చదివి, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

హిందూపురం, 14-11-2003

(సం.) పి. ప్రేమలత

సాక్షులు:
శంకరమ్మ, విశ్రాంత నర్సు, హిందూపురం. నా తుంటి విరిగినప్పుడు ఆపరేషనుకు తోడున్నది ఈమే.
నాగప్ప, పక్కింటివారు. బస్సు దాకా తోడు వస్తానన్నారు, నేనే వద్దన్నాను.