ఉప్పునీళ్ళ తొట్టికి నేను వేసిన మేత

హిందూపురం,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి కావ్యకు అమ్మ దీవెనలు. హాస్టల్లో వేళకు తింటున్నావనీ, తల దిండు కింద పెట్టుకోకుండా పడుకుంటున్నావనీ నమ్ముతూ రాస్తున్నాను. ఇక్కడ నాయన, అవ్వ, నేను బాగున్నాం. నీ చేపలు రెండూ బాగున్నాయి. మీ కాలేజీ వాళ్ళు ఇచ్చే ఐదు నిమిషాల ఫోను మీ అవ్వకే చాలదు కాబట్టి నా మాటలు కాగితం మీద పెడుతున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. అవ్వ మోకాలు పుట్టపర్తి ఆసుపత్రిలో చూపించాం, రోజూ నడవమన్నారు. ఆమె నడక వంటింటి నుంచి నీ తొట్టి దాకా. నాయన దారం అమ్మడానికి ధర్మవరం వెళ్ళి నీకు చుడీదార్ గుడ్డ తెచ్చారు. ఆ రంగు నాకు నచ్చలేదు, నీకు నచ్చుతుందిలే, నీకు అన్నీ ఆయన పోలికలే. మన రీలింగ్ యూనిట్‌లో దారం తీయడానికి పట్టుగూళ్ళు బాగానే వస్తున్నాయి.

ఇక నీ చేపలూ పగడాలూ పెరిగే తొట్టి సంగతి. తగ్గిన నీళ్ళకు బోరునీళ్ళు పోస్తున్నానా అని అడిగావు. అంత తెలివితక్కువదాన్ని కాను, ఆర్వో నీళ్ళే పోస్తున్నాను. ఐసులో వచ్చే రొయ్యల మేత వడకట్టి, కడిగే వేస్తున్నాను. అయినా రాళ్ళ మీద నాచు ఆగలేదు. రెండు రోజులకొకసారి గాజు తుడిచినా మళ్ళీ పచ్చగా పట్టేది.

రెండు వారాల కిందట కిశోర్ మామ బెంగళూరు నుంచి వచ్చాడు. తన అక్వేరియం అంగట్లో ఎవరో వదిలేసిపోయిన తొట్టిని నీ పదో తరగతి మార్కులకు బహుమానమని తెచ్చి మన నట్టింట్లో పెట్టి పోయిన మహానుభావుడు కదా, రాగానే నీళ్ళు సీసాలో పట్టి కొలిచాడు. ముఖం చిన్నదైపోయింది.

"అక్కా, ఏందిది? సున్నా పాయింట్ ఒకటి దాటగూడని ఫాస్ఫేటు సున్నా పాయింట్ తొమ్మిది ఉండాది. దీంట్లో పగడాలు ఎట్ల బతుకుతాయి? ఏం మేత ఏస్తాండావు?"

"నువ్వు చెప్పిందే ఏస్తాండా," అన్నాను.

అవ్వ మంచం మీద నుంచే అందుకుంది. "యాడ నాయనా, దినామూ పొద్దున్నే పురుగుల పొడి గూడా ఏస్తాది కదా."

అదీ సంగతి కావ్యా. గూళ్ళ నుంచి దారం తీశాక మిగిలే పురుగులను చెరువుల్లో చేపలు పెంచేవాళ్ళు మన దగ్గర మూటలు మూటలు కొనుక్కుపోతారని నీకు తెలుసు. చెరువు చేపలు తిని బలుస్తుంటే నీ చేపలకేం తక్కువని, ఎండబెట్టి, దంచి, చిటికెడు చిటికెడు వేశాను. నువ్వు వెళ్ళాక పది రోజులు అవి నన్ను చూస్తే రాళ్ళ వెనక దూరేవి. ఆ పొడి వేసిన రోజు గాజు దగ్గరికి వచ్చి నా వేలు చుట్టూ తిరిగాయి. చిటికెడు పిడికెడైంది.

తినగా మిగిలింది కుళ్ళి ఫాస్ఫేటుగా పేరుకుందని, రాళ్ళు కూడా దాన్ని పీల్చుకున్నాయని కిశోర్ చెప్పాడు. నీళ్ళన్నీ ఇప్పుడే పారబోస్తానన్నాను.

"వద్దక్కా. ఒగేసారి తగ్గిస్తే పగడాలు తట్టుకోలేవు. వారానికింత నీళ్ళు మార్చు. ఫాస్ఫేటును పట్టుకునే ఈ గుళికలు ఫిల్టర్‌లో కొంచెమే పెట్టు. రాళ్ళు మళ్ళీ వదుల్తానే ఉంటాయి, నెలలు పడ్తాది."

అలాగే చేస్తున్నాను. ఈ రోజు పొద్దున 0.62 ఉంది. ఇది నిజమైన అంకె.

నా గత రెండు ఉత్తరాల్లో 0.05, 0.06 అని రాశాను. అవి అబద్ధాలు. కొలిచే సీసాలో నీళ్ళు, ఫాస్ఫేటు ఎక్కువైందని, ముదురు నీలంగా మారుతుంటే చూస్తూనే రాశాను. ఇంకొకటి కూడా చెప్పాలి. నువ్వు వేలిగోరంత ముక్క అతికించి, ఏడాదికి పైగా పెంచిన ఊదారంగు పగడం చచ్చిపోయింది. మొదలు నుంచి తెల్లబడుతూ వచ్చి, పోయిన నెల పూర్తిగా ఎముకలా మిగిలింది. "బాగా విచ్చుకుంటోందా" అని నువ్వు అడిగితే ఆ ఒక్క ప్రశ్న చదవనట్టు ఊరుకున్నాను. నేనే చంపాను తల్లీ. నన్ను క్షమించు. మిగిలినవి ఇంకా విచ్చుకుంటున్నాయి.

నీ పరీక్షలు పాడవుతాయని దాచానని చెప్పుకోవచ్చు. అవ్వతో అలాగే అన్నాను. ఆమె నవ్వి, "పరీచ్చలు అయిపోయి నెలాయ కదమ్మే," అంది.

నువ్వు పోయిన ఉత్తరంలో, "నీకు కష్టమైతే మామకిచ్చేయమ్మా," అని రాశావు. నిజం తెలిస్తే ఆ మాటే గట్టిగా అంటావని భయపడ్డాను. కిశోర్ కూడా ఆ రోజు చేపలను తీసుకుపోవడానికి డబ్బాలు తెచ్చుకునే వచ్చాడు. "కావ్యను అడగనీ," అని వాటిని వెనక్కి పంపాను. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాడు.

తొట్టి నీది. ఇవ్వమంటే ఒక్క మాట అనకుండా ఇచ్చేస్తాను. ఇన్నేళ్ళూ పొద్దున్నే నీకు జడ వేసి, డబ్బా సర్ది, నీ వెనక అరుస్తూ తిరిగినదాన్ని. నువ్వు వెళ్ళిన మర్నాడు పొద్దున ఏడింటికి నట్టింట్లో నిలబడి ఏం చేయాలో తెలియక చేపలకు మేత వేశాను. నీకోసం జాగ్రత్తగా చూసుకుంటాను, ఉంచనీ అని రాస్తే అది మూడో అబద్ధం అవుతుంది. ఆ తొట్టి నాకు కావాలి కావ్యా. నా దగ్గర ఉంచుతావా?

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
అమ్మ హేమావతి