రెండు దేశాల తమ్ముడు

సెయింట్ హెలెన్స్, టాస్మేనియా
3 మార్చి 2024

మొరాగ్ అక్కకి,

ఫర్గస్ రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా మోకాలు తప్ప.

ఒక పని పడింది. ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకుందామనుకుంటున్నాను. నేనిక్కడికొచ్చి యాభై మూడేళ్ళు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ బడి గేటు దగ్గర నిలబడి ఓటర్లకి సాసేజీలు వేయించి పెడుతున్నాను. లోపలికెళ్ళి ఓటెయ్యడానికి మాత్రం పనికిరాను. మొన్న ఒకాయన ఉల్లిపాయలు మాడాయని చీవాట్లు పెట్టాడు. ఇక చాలనిపించింది.

వచ్చిన కొత్తలోనే పేరు రాయించుకుంటే పోయేది. చేపల పడవల మీద తిరుగుతూ బద్ధకించాను. ఆ రోజుల్లో పాస్‌పోర్టు కూడా అడగలేదు. ఇన్నాళ్ళూ డ్రైవింగ్ లైసెన్సుతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు బర్త్ సర్టిఫికెట్ కావాలట. అమ్మ పెట్టెలో ఉంటుంది, వెతికి పంపు.

నీ తమ్ముడు
ఫర్గస్

తా.క. ఇరవై ప్రశ్నల పరీక్ష కూడా ఉందట. ఇన్నేళ్ళుగా ఇక్కడ చూసిందంతా మర్చిపోయి పుస్తకంలో ఉన్నది రాయాలని మా అమ్మాయి కెర్రిన్ చెప్పింది.


రివర్టన్, న్యూజిలాండ్
19 మార్చి

తమ్ముడు ఫర్గస్‌కి,

నీ అక్క దీవెనలు. ఉత్తరం అందింది. చదివాక కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

డెబ్భై ఒక్క ఏళ్ళొచ్చాక నీకు మన దేశం పనికిరాకుండా పోయిందా? పక్కింటి ఊనాకి చెబితే, "పోనీలే మొరాగ్, వయసు మీద పడ్డాక కొందరికి అలాగే ఉంటుంది" అంది. నువ్వు తాగుతున్నావేమో అని కూడా అడిగింది. తెలియదన్నాను.

చర్చిలో సముద్రం మీదున్న మనవాళ్ళ కోసం ప్రార్థన చేస్తారు కదా, ఆ జాబితాలోంచి నీ పేరు తీయించాను. పరాయి దేశస్థుల జాబితా వేరే ఉంది. అందులో రాయమన్నాను. పాస్టర్‌గారు కొంచెం బాధపడ్డారు.

నీ అక్క
మొరాగ్

తా.క. సర్టిఫికెట్ దొరకలేదు. నీ మశూచి టీకా కార్డు దొరికింది, పంపుతున్నాను. పుట్టనివాడికి టీకా వెయ్యరు కదా.


సెయింట్ హెలెన్స్
6 ఏప్రిల్

అక్కకి,

నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావు. న్యూజిలాండ్‌ని ఎవరూ వదులుకోమనలేదు. రెండు దేశాలూ ఒప్పుకుంటాయి. రెంటికీ పౌరుణ్ణిగా ఉండొచ్చు. ప్రమాణం చేయిస్తారు, చెయ్యి కలుపుతారు, కుండీలో ఒక మొక్క ఇస్తారు. అంతే.

టీకా కార్డు పట్టుకుని కెర్రిన్‌తో ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "మీకు మశూచి రాదని దీన్నిబట్టి తెలుస్తోంది సార్. మీరెవరో తెలియడం లేదు" అంది. వెనక వరసలోవాళ్ళు నవ్వారు. గంటన్నర నిలబడ్డాను దాని కోసం.

దయచేసి పెట్టె అడుగుదాకా చూడు.

నీ తమ్ముడు
ఫర్గస్

తా.క. నేను తాగడం లేదని ఊనాకి చెప్పు. ఈ ఫారాలు చూశాక మొదలుపెడతానేమో.


రివర్టన్
24 ఏప్రిల్

ఫర్గస్‌కి,

నీ అక్క దీవెనలు. రెండూ ఉంచుకోవచ్చంటున్నావు. పక్క ఊళ్ళో ఇంకో కాపురం పెట్టినవాడు కూడా ఆ మాటే అంటాడు.

అయినా నీ మాట పాస్టర్‌గారికి చెప్పాను. ఆయన నెత్తి గోక్కుని నీ పేరు రెండు జాబితాల్లోనూ రాశారు. ఆదివారం నీకు రెండుసార్లు ప్రార్థన జరిగింది. నీకేదో పెద్ద జబ్బు చేసిందనుకుని నలుగురు నన్ను ఓదార్చారు. ఒకావిడ చీజ్ రోల్స్ కూడా తెచ్చింది. తిన్నాను.

పెట్టె అడుగుదాకా చూశాను. ఎలుకలు పడ్డాయిరా, కొన్ని కాగితాలు తినేశాయి. ఈతలో నీకు మూడో బహుమతి వచ్చిన పత్రం దొరికింది. నీ పేరు స్పష్టంగా ఉంది.

నీ అక్క
మొరాగ్

తా.క. ఇంతకాలం ఓటు లేకుండానే బతికావు. కావాలంటే ఇకముందూ బతకొచ్చు.


సెయింట్ హెలెన్స్
12 మే

అక్కకి,

నువ్వు వెతకలేకపోతున్నావని కెర్రిన్ నేరుగా వెల్లింగ్టన్ ఆఫీసుకే రాసింది. జవాబొచ్చింది. ఆ పేరుతో, ఆ తేదీన, న్యూజిలాండ్ మొత్తంలో ఎవరూ పుట్టలేదట. ముందు ఏడాదీ, తరవాత ఏడాదీ కూడా చూశారట.

రెండు దేశాలు కావాలనుకున్నాను. ఉన్న ఒక్కటీ పోయింది.

"నాన్నా, అత్తకి ఏదో తెలుసు" అంటోంది కెర్రిన్. దాన్ని కసిరాను. కానీ రోజంతా అదే మాట తిరుగుతోంది నా బుర్రలో. నాకంటే పదిహేడేళ్ళు పెద్దదానివి. నేను పుట్టిన రోజు నువ్వు ఇంట్లోనే ఉండుంటావు. నేనెక్కడ పుట్టానక్కా?

అలిసిపోయాను. ఓటు సంగతి వదిలేశాను. ఇది ఒక్కటి చెప్పు.

నీ తమ్ముడు
ఫర్గస్

తా.క. ఆ ఎలుకలు ఈత పత్రాన్ని ఎందుకు వదిలేశాయి?


రివర్టన్
30 మే

ఫర్గస్‌కి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఎలుకలు లేవు. నీ సర్టిఫికెట్ అమ్మ పెట్టెలో ఎప్పుడూ లేదు. నా దగ్గరే ఉంది. దీంతో పెడుతున్నాను.

నువ్వు పుట్టింది ఇక్కడ కాదు. నీ ఇంటికి నాలుగు గంటల దూరంలో, బర్నీ ఆసుపత్రిలో. లైబ్రరీలో పిల్లని అడిగితే చూసి చెప్పింది. ఆ కాలంలో అక్కడ పుట్టినవాళ్ళకి దరఖాస్తు లేదు, పరీక్ష లేదు. పుట్టినప్పటి నుంచీ నువ్వు ఆస్ట్రేలియావాడివే.

కాగితాల్లో మావాడివి కావు. దానికే దరఖాస్తు పెట్టాలి. వెల్లింగ్టన్‌వాళ్ళకి నీ సర్టిఫికెట్‌తో పాటు నీ తల్లిది కూడా కావాలట. అదీ పెట్టాను. దాని మీద పేరు చూసి, అత్త పొరపాటున తనది పెట్టిందనుకుంటుంది కెర్రిన్. పొరపాటు కాదు, నాదే పెట్టాను. నిన్ను కన్నది నేను.

నాకప్పుడు పదిహేడేళ్ళు. కడుపు తెలిశాక నాన్న నన్ను బర్నీలో పిన్ని దగ్గరికి పంపాడు. నువ్వు పుట్టిన ఆరు వారాలకి అమ్మ వచ్చింది. ఓడలో నిన్ను తనే ఎత్తుకుంది. రేవులో దిగాక, "ఇవాళ్టి నుంచి వీడు నీ తమ్ముడు" అంది. సరేనన్నాను. ఇంకేమనాలో నాకెవరూ నేర్పలేదు.

తండ్రి పేరుండే గడి ఖాళీగా ఉంటుంది. అది ఉత్తరంలో రాసేది కాదు. ఇప్పుడు నీకు పాస్‌పోర్టు ఇస్తారు కదా. వస్తే ఎదురుగా కూర్చుని చెబుతాను. రాకపోయినా నిన్నేమీ అనను.

పద్దెనిమిదేళ్ళకి పడవ పని వెతుక్కుంటూ నువ్వు అక్కడికే పోయావు. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకనట్టు. ఆ రోజు కోళ్ళ గూటి వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. గుడ్లు ఏరుతున్నాననుకుంది అమ్మ.

ఇన్నాళ్ళూ కింద నీ అక్క అని రాశాను. ఇప్పుడేం రాయాలో తెలియక ఉత్త పేరు రాస్తున్నాను.

మొరాగ్

తా.క. వెల్లింగ్టన్ ఫారం ఆ లైబ్రరీ పిల్లే తీసి ఇచ్చింది. నావంతు నింపేశాను. ఒకచోట 'దరఖాస్తుదారుకి మీరు ఏమవుతారు' అని అడిగారు. తల్లినని రాశాను. ఎప్పుడూ రాయని మాట, కొంచెం వంకరగా వచ్చింది. ఆఫీసువాళ్ళు చదవలేమంటే పంపించు, మళ్ళీ రాస్తాను.